ఒక్క మెట్టు నిచ్చెన

సున్నం బస్తా విప్పి అడిగిన:
"ఏం గీయాలె సారూ?"
"నిచ్చెన గీయి గట్టయ్యా,
కాకపోతె ఒక్కటే మెట్టు.
చుట్టూ గుండ్రంగ ఒక గీత."
ఇరవై రెండేండ్లు గంట కొట్టిన చెయ్యి ఇది.
మా ఇంటిది వాకిట్ల ముగ్గేసినట్టు
వంగి వంగి గీసిన.
ఆరో రోజు ముసురు.
నానింది. మళ్ల గీసిన. మళ్ల నానింది.

ఏటూరునాగారం రోడ్డు తెగింది.
మాది రెండు వాగుల నడుమ బడి,
ఆ ఏడు రెండూ ఒక్కటైనయి.
మునిగిన గూడెం గూడెమంత
తరగతి గదులల్ల తడి బట్టలారేసుకున్నది.
ఆరో తరగతిల వాసం ముత్తక్క
రెండు దినాల సంది నొప్పులు పడుతాంది.
నల్లబల్ల మీది పదమూడో ఎక్కం దిక్కు
చూసుకుంట పండ్లు బిగవట్టింది.
వైర్‌లెస్ చెవుకానిచ్చుకొని కానిస్టేబుల్ చెప్పిండు:
"రేపు పొద్దుగాల హెలికాప్టర్ వస్తది."
ఆ మాటతోనే దాని బ్యాటరీ సచ్చింది.

మబ్బుల ఐదు గొట్టంగ
ఈసం లచ్చుమమ్మ ముసలి చేతులల్లకు
పిల్ల జారింది. ఆడపిల్ల.
మొదలు ఏడ్వలే. కాళ్లు వట్టి తిప్పితె ఏడ్సింది.
వరండాల ఉన్నోళ్లందరం నవ్వినం.
నవ్వి, ఆగినం.
"ఇగ రావద్దు" అని
ఎవరు చెప్పాలె? ఎట్ల చెప్పాలె?

ఏడున్నరకు చప్పుడొచ్చింది.
టేకుచెట్లు నడుముకాడికే ఉన్నయి,
పైదంత మొగులు మింగింది.
జెండా కట్టె గూడ సగమే.
చప్పుడు నెత్తి మీదికొచ్చింది, పోయింది,
మళ్లొచ్చింది,
చీకట్ల గొళ్లెం కోసం తడుముకునే చెయ్యి లెక్క.
"పొగ పెట్టుండ్రి, జాడ తెలుస్తది" అన్నరెవరో.
తడిసిన టేకాకు, ఇరిగిన బెంచీ, కిరసనాయిలు.
పొగ లేసింది. లేసి
మొగుల మొగులైంది.
తెలుపుల ఇంకింత తెలుపు కలిపినం మేము.

మూడోసారి గుట్ట దిక్కు తిరిగింది.
తర్వాత,
తాడు తెగి బాయిల బొక్కెన పడ్డట్టు
ఒక్క సద్దు.
వాగు మీది కొంగలు లేసినయి.
గదిల పిల్ల ఉలికిపడ్డది.

గుట్టెక్కేసరికి పదకొండు దాటింది.
ముగ్గురు.
వాళ్ల గురించి నేను చెప్ప.
దుప్పట్లు మావే కప్పినం.
తునికి కొమ్మకు చెవులకు పెట్టుకునేది ఏలాడుతాంది,
దాంట్లకెల్లి వాన కారుతాంది.
బిస్కెట్ పొట్లాలు బండల మీద చెదిరినయి.
మా పిల్లలది నాలుగొద్దుల ఆకలి.
ఒక్కడు వంగలే, ఒక్కడు ముట్టలే.
ఒక డబ్బా మాత్రం పగలకుంట దొరికింది:
కత్తెర, దారం, దూది,
పిడికిలంత గులాబిరంగు ఉన్ని టోపి.

టోపి నేను అంగిల దాచిన,
పంచనామాల రాయించలే.
నేరమైతె నేరమే.
ముత్తక్కకు ఇస్తె తీసుకోలే,
గోడ దిక్కు తిరిగింది.
నెల తర్వాత తనే అడిగింది, "ఉన్నదా?" అని.

పేపర్లల్ల రాసిండ్రు, ముందరిది కనపడలేదని.
గుట్ట ఎత్తు ఇంత, మొగులు ఎత్తు ఇంత.
విచారణకొచ్చిన సార్లు నన్ను గూడ పిలిచిండ్రు.
"గుర్తు సరిగ్గనే గీసినవా?"
గీసిన సారూ, మూడుసార్లు గీసిన.
పొగ సంగతి వాళ్లడుగలే.
నేను చెప్పలే.

ఆ పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి, మా బడే.
సున్నం పోయి ఎన్నేండ్లో అయింది గని
ఆ జాగల గడ్డి జరంత ఆలస్యంగ మొలుస్తది.
ముసురు వట్టిన మొదటి వారం
నిచ్చెన కనపడుతది.
పిల్ల దాని మీద ఒంటికాలితోని దుంకుతది.
"ఇదేంది తాతా?" అన్నది మొన్న.
గంట కొట్టే యాళ్లయిందని
లేసిపోయిన.
ఇంకా పది నిమిషాలున్నది.