మూత ఎత్తితే ప్రశ్న

రెండో షిఫ్టు దిగి
అల్లం, లవంగం వాసన కొట్టే చేతుల్ని
రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటాను.
మాట్లాడబోయే ముందు మీరు గొంతు సవరించుకుంటారే, అలా.

తోరూన్‌లో మంచు పడుతోంది.
విస్తులా నది మీద పడవలు కదలడం లేదు.
హెడ్‌సెట్ తగిలించుకుంటే నేను
గళ్ళ కోటు తొడుక్కున్న నీటికుక్కని.

అక్కడ నేను కట్టిన లోకం ఒకటుంది.
పెద్దదేం కాదు.
ట్రామ్ స్టాపు, బెంచీ, ఆగని వాన.
దీపాలు మాత్రం పద్నాలుగు.
ఇంత వెలుతురెందుకని
చెవులున్నవాళ్ళు రాసి మరీ విసుక్కుంటారు.
చీకటంటే మాకు నోరు నొక్కేయడమని
వాళ్ళకెలా చెప్పను?
ట్రామ్ రాదు.
దాన్ని కదిలించడం నాకు చేతకాలేదు.
పట్టాలు వేసి ఊరుకున్నాను.

ఆయెలెన్ వాల్దీవియా నుంచి వస్తుంది.
చిలీలో అప్పటికింకా ఎండ.
తను రాగి కెటిల్.
నిజంగానే. పొట్ట, ముక్కు, పిడి,
పక్కల నుంచి రెండు చేతులు.
తనే చేసుకుంది, మూడు వారాలు పట్టిందట.
మొహం పెట్టడం మర్చిపోయింది.

మా భాషలో ప్రశ్నంతా కనుబొమల్లోనే.
నువ్వు తిన్నావు, నువ్వు తిన్నావా:
చేతులు రెంటికీ ఒకటే.
కెటిల్‌కి కనుబొమలెక్కడివి?
అందుకని మూత ఎత్తడం మొదలుపెట్టింది.
లేస్తే ప్రశ్న.
సగం లేస్తే అనుమానం.
టపీమని పడితే, ఇక చాలు, నోర్ముయ్.
(ఆ టపీమనడం నిజంగా వినిపిస్తుందో లేదో
మాలో ఎవరికీ తెలియదు.)

నెల తిరిగేసరికి స్టాపులో అందరూ
టోపీలో, చెవులో, కొమ్ములో ఎత్తి అడగసాగారు.
కంట్రోలర్ పట్టుకున్న చేతికి
ఉంగరపు వేలు, చిటికెన వేలు
కలిసే లేస్తాయి, కలిసే పడతాయి.
సగం అక్షరాలు అలా పోయాయి.
పోయినచోట భుజాలతో, మోచేతులతో
అతుకులు వేసుకున్నాం.
అది పోలిష్ సైగ కాదు, చిలీ సైగా కాదు.
ఒకే వానలో నిలబడ్డవాళ్ళ సైగ.

ఆదివారం హల్ష్కా నాన్నమ్మ ఇంట్లో
బీట్‌రూట్ సూప్.
తనకీ వినపడదు.
ఉప్పేదీ అని అడిగాను.
గరిట గాల్లోనే ఆగిపోయింది.
నేను టోపీ ఎత్తి అడిగానట.
కనుబొమలు ఊరికే పడి ఉన్నాయట.

నా కుడి చేయి లాక్కుని
ఉంగరపు వేలు విడదీసి, వంచి, తట్టి చూసింది
విరిగిందేమోనని.
"తీమోన్, నీ చేతికి ఈ యాస ఎవరంటించారు?"

తన చిన్నప్పుడు బడిలో
సైగ చేస్తే చేతుల మీద కూర్చోమనేవారు.
వేళ్ళ విషయంలో తను పిసినారి.
ఒక్కటి కూడా వదులుకోదు.

చెబితే తెగదని హెడ్‌సెట్ తలకి పెట్టాను.
జుట్టుముడి అడ్డొచ్చింది, విప్పింది.
కొత్తవాళ్ళకిచ్చే బూడిదరంగు మనిషిలో దూరి
తన చేతులు తనే చూసుకుని
కంట్రోలర్లు ఒళ్ళో పడేసి నావైపు తిరిగి అంది,
"ఇదేం అవతారంరా!"

లాప్‌టాప్‌లో చూస్తున్నాను.
బెంచీ దగ్గర ఒక జింక, రెండు రోబోలు,
ఎవరో పుట్టగొడుగు.
కెటిల్ దగ్గరికొచ్చి మూత ఎత్తింది.
నాన్నమ్మ చాలాసేపు కదల్లేదు.
తర్వాత ఆ మొండి చేతులతో
తన కాలపు సైగల్లో, తీరుగా, ఏదో మొదలుపెట్టి
మధ్యలో వదిలేసి
పట్టాల వైపు చూపించి
తల మొత్తం వెనక్కి వాల్చింది,
మూతలా.

ట్రామ్ ఎప్పుడొస్తుంది?

ఎనిమిది నెలల్లో ఒక్కరూ అడగలేదు.
జింక కెటిల్ వైపు చూసింది.
పుట్టగొడుగు వంగి పట్టాలు చూసింది.
ఆయెలెన్ మూత తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

నాన్నమ్మ హెడ్‌సెట్ తీసి
అద్దాలు ఏప్రన్‌తో తుడిచిచ్చి
సూప్ మళ్ళీ వేడి చేయడానికి వెళ్ళింది.
వంటింటి గుమ్మంలో ఆగి
ఉంగరపు వేలు ఒక్కటే పైకెత్తి చూపించింది.
మిగతావి లేవకుండా అదొక్కటే.
కష్టం, మీరూ ప్రయత్నించి చూడండి.

ఆ రాత్రి చక్రం గీయడానికి కూర్చున్నాను.
ఇంకా గుండ్రంగా రావడం లేదు.