ఒత్తు

పర్లాకిమిడిలో వానలు మొదలైన వారం
గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికెళ్తే
కూర్మనాయకులుగారు నా వేళ్లు చూశారు, ముఖం కాదు.
"గోళ్లు తీసుకుని రా. రంగు ఎలాగూ పోద్ది."

నాలుగు రోజులు ఒక్క అక్షరమూ పేర్చనివ్వలేదు.
ఎవరిదో పాత పెళ్లి, పురికొసతో కట్టి ఉంచిన శుభలేఖ,
విప్పి, ఏ గదిలోది ఆ గదిలో వెయ్యమన్నారు.
వరుడు ఏడు గదుల్లోకి, వధువు పదకొండింటిలోకి
సీసపు చప్పుడుతో రాలిపోయారు.
శ్రీ అరిగి మొద్దుబారింది.
బండి ఱ ఒక్కటే నిగనిగలాడుతోంది,
ముప్పై ఏళ్లుగా ఏ పెళ్లికీ దాన్ని పిలవలేదట.

ఈ గోడకి తెలుగు కేసు, ఆ గోడకి ఒడియా కేసు.
వాళ్ల అక్షరాలకి గొడుగులు, మనవాటికి తలకట్లు.
ఆయన చూడకుండానే తీస్తారు,
చీకట్లో పోపులపెట్టె తెలిసిన మనిషిలా.
నేను చూసి కూడా తప్పే.
తిరగేసిన మ ఏదో, య ఏదో
నిద్రలో కూడా తేలలేదు.

ప్రాజెక్టుకని డైరీలో రాసుకున్న గొప్ప వాక్యం చదివాను.
వక్క నములుతూ విన్నారు.
"దీనికి కాగితం ఖర్చేటి?
పక్కన త్రినాథ పాత్రో టీ కొట్టుకి రేట్ల పట్టీ లేదు.
అదెయ్యి. రెండు బాసల్లోనా."

టీ. గుగ్ని. బరా, జత.
చేజ్‌లో బిగించి ఎత్తబోతే ఒక సున్నా జారి
బల్ల కిందికి పోయింది.
కాసేపు పర్లాకిమిడిలో టీ రూపాయి.

కాలేజీలో చెప్పింది ఒకటే: అచ్చు లోతుగా దిగాలి,
వేలితో తడిమితే తెలియాలి.
మందపాటి కాగితం, వెనక రెండు అట్టలు అదనం,
ట్రెడిల్ తొక్కాను.
దిగింది. గుంతలు గుంతలుగా, ఎంత అందంగానో!

ఆయన ముందువైపు చూడనేలేదు.
తిరగేసి, కళ్లు మూసుకుని,
బొటనవేలితో కాగితం వీపు నిమిరారు.
"కొట్టినావేటమ్మా దీన్ని?"

కిరసనాయిలు గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.
ఒక అట్ట తీశారు. రెండోదీ తీశారు.
పల్చటి కాగితం ఒకటి పెట్టి, మరోటి సగం చింపి పెట్టారు.
"సిరా అంటాల. సీసం అంటకూడదు."

ఒత్తు నాకు అక్షరం కిందే తెలుసు.
కాళ్లలోకి రావడానికి ఇంకో ఎనిమిది రోజులు పట్టింది.

జ్యూరీలో అడిగారు, అచ్చు ఏదీ, దిగలేదేం,
ఇది మామూలు ప్రింటులా ఉందే అని.
పట్టీ తిరగేసి చూపించాను.
నున్నగా ఉంది. ఏమీ లేదు.
వాళ్లు ఆ ఏమీ లేకపోవడం మీద వేలు పెట్టి చూడలేదు.
మార్కులు తక్కువే.

నిన్న పాత్రో ఫోను.
బరా పన్నెండయిందట, కొత్త పట్టీ కావాలట.
వెనకనించి కూర్మనాయకులుగారి గొంతు,
రెండు అరిగిపోయింది, చూసి పెట్టాలని.

గోళ్లు తీసుకుంటున్నాను.