రిజిస్టరు వెనక పేజీలు

కాట్రేనికోన దాటాక రోడ్డు చీలేచోట
సరుగుడు తోపు మొదలవుతుంది, గాలి ఉప్పనవుతుంది.
స్కూటీ డిక్కీలో సీసాలు ఒకదాన్నొకటి తట్టుకుంటాయి.
నా పని నీళ్ళు చూడటం.
ఉప్పెంత, గాలెంత, అమ్మోనియా ఎంత;
రొయ్య బతుకుతుందా చస్తుందా
రంగు మారిన చుక్కలో చదివి చెప్పడం.

ఆశ్వయుజం సగం కరిగాక
నీళ్ళకేసి వంగాల్సిన తల
పైకి లేవడం ఎక్కువైంది.

మొదట ఉల్లంకులు.
గట్టు బురద మీద ఎవరో గుప్పెడు చోళ్ళు చల్లితే
చోళ్ళకి కాళ్ళొచ్చినట్టు.
తర్వాత పరజలు. రాత్రి ఏ జామున దిగాయో,
తెల్లారేసరికి చెరువు నిండా ఈలలు.

ధనకొండ గారు ఏడో నంబరు చెరువు కావలి.
పిట్ట వాలకుండా చూసినందుకే ఆయనకి జీతం.
నీళ్ళ మీద అడ్డదిడ్డంగా దారాలు, దారాలకి మెరుపు రిబ్బన్లు,
మంచె కింద రేకు డబ్బాలో లక్ష్మీబాంబులు,
మెళ్ళో ఒక కన్నే పనిచేసే దుర్భిణి.
కాకినాడ రేవులో పాతసామాన్లవాడికి
రెండు కేజీల రొయ్యలిచ్చి తెచ్చుకున్నాడట.

"పేరు తెలీకుండా తోలకూడదండి" అంటాడు.
"గుమ్మంలోకొచ్చినోణ్ణి పొమ్మనాలన్నా
ఎవరబ్బాయివిరా అని అడుగుతాం కదా."

నత్తగుల్ల కొంగనేమీ అనడు.
నారాయణపక్షి గంటసేపు కదలకపోతే
తనూ కదలకుండా పందెం కాస్తాడు.
నీటికాకి అంటే మాత్రం పగ.
ఏరేటరు మీద రెక్కలారేసుకుంటుంటే
"మా షావుకారు చొక్కా విప్పి
ఫ్యానుకెదురుగా నిలబడ్డట్టే లేదూ?"
అని ఒకే మాటతో ఇద్దరి మీదా కసి తీర్చుకుంటాడు.

నిన్న పదకొండింటికి
చెరువు చెరువంతా లేచింది.
బాంబు పేల్లేదు. ఎవరూ డబ్బా కొట్టలేదు.
బుడబుంగలు మునిగాయి,
మిగతావన్నీ ఆకాశం చేటలో ఎవరో చెరుగుతున్నట్టు
ఇటు తిరిగితే తెలుపు, అటు తిరిగితే మట్టిరంగు.
ఆయన వేలు చూపించిన చోట నాకు ఎండే కనిపించింది.
దుర్భిణి ఇచ్చాడు.
తొందరలో చెడ్డ కన్ను పెట్టుకుని
కాసేపు పాలపొగ చూశాను.
మంచి కన్ను వెతుక్కునేలోపు
సాళువ దిగడమూ, అందుకోవడమూ, వెళ్ళిపోవడమూ అయిపోయాయి.
నా వంతుకి మిగిలింది
గిర్రున తిరుగుతూ నీళ్ళ మీదికొస్తున్న
ఒక బూడిదరంగు ఈక.

"ఇవాళ నా డ్యూటీ ఇంకోడు చేసిపెట్టాడండి"
అని నవ్వబోయి, ఈకని చూసి, ఆగాడు.

మంచె ఎక్కి రిజిస్టరు తీశాడు.
ముందువైపు నుంచి మేత బస్తాలు, డీజిలు, తేలిన రొయ్యలు.
తిరగేసి పట్టుకుంటే వెనకవైపు నుంచి ఇంకో లెక్క:
పరజలు మూడొందల నలభై, కాస్త అటూ ఇటూ.
పిల్లిగద్ద ఒకటి, మగది.
కొరమీను గద్ద ఒకటి. పోయినేడూ ఒకటే. అదేనా?
ఆ ప్రశ్న గుర్తుని రెండుసార్లు దిద్దాడు.

పోయినేడు నవంబరు తొమ్మిది నుంచి పదహారు దాకా
గీతలు కొట్టి ఉన్నాయి, అంకెల్లేవు.
"పెద్దాసుపత్రిలో ఉన్నామండి, నేనూ మా ఇంటిదీ.
ఆ వారం ఏమొచ్చాయో, ఏం పోయాయో..."
పేజీ తిప్పేశాడు.
పదిహేడు నుంచి అక్షరాలు చిన్నవయ్యాయి.
ఎదురెదురుగా నడిచొస్తున్న రెండు లెక్కల మధ్య
ఇంకా నలభై కాయితాలు తెల్లగా ఉన్నాయి.

రేవులో మూడో నంబరు జెండా ఎగరేశారని ఫోనొచ్చింది.
ఆయన రిబ్బన్లు బిగించుకోవడానికి గట్టు దిగాడు.
ఉప్పు సరిపోయింది, గాలి తక్కువుంది,
రాత్రికి ఇంకో రెండు ఏరేటర్లు వెయ్యమని చెప్పాను.
"కొరమీను గద్ద ఇంకా రాలేదండి" అన్నాడు,
అదీ నా పరీక్షలో తేలాల్సిందే అన్నట్టు.

ఇంటికెళ్తూ ప్రతి కరెంటు స్తంభం కొసా చూశాను.
కాకి. కాకి. పాలపిట్ట.
ఒక స్తంభం మీద ఏమీ లేదు,
అక్కడే ఎందుకో బండి ఆపాను.
డిక్కీలో ఏడో నంబరు నీళ్ళు
నేనాగాక కూడా కాసేపు ఊగాయి.