ఒకటేనా?

తోతాపురి కాయల కాలంలో
కూలి చేతిలో పడిన ఆదివారం
ఆరుగురం పోతాం సినిమాకు.
గిరింపేట మలుపులో ఆటో ఎక్కితే
డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక నలుగురు.
ఎంత సబ్బు రుద్దినా గోళ్ల సందుల్లో గుజ్జు వాసన పోదు,
మేం కూర్చున్న వరసంతా మామిడి తోపే.

రెడ్డెమ్మ ఒళ్లో ఉడకబెట్టిన చెనిక్కాయలు.
షాహిదా రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈలేస్తే
బాల్కనీలో మొగోళ్లు తొంగి చూస్తారు.
సుగుణ విలన్ని తిడతాది, వాళ్లమ్మను కూడా కలిపి.
ధనమ్మ పాట మొదలవతానే బయటికి పోతాది,
ఎట్ల తెలుస్తాదో ఏమో
ఆఖరి చరణం కాడ వచ్చి కాళ్లు తొక్కుతాది.
కుప్పమ్మ నిద్రపోతాది.
లైట్లు ఆరితే చాలు, కొంగు మొహమ్మీదికి లాక్కొని.
బయటికొచ్చినాక అడగతాది,
"కథేంది మే, చెప్పండి."
ఆటోలో ఐదు నోళ్లు ఐదు కథలు చెప్తాయి.
ఒక్కోసారి అదే అసలు సినిమా.

"ఒక్కతే పోయి చూస్తే ఏముంది మే,
పిలవని పెండ్లికి పోయినట్టు"
అనింది సుగుణ ఒకనాడు కాయలు కోస్తా.
అందరం నవ్వినాం. నేను కూడా.
కుప్పమ్మ టెంక తీసి పారేసింది.

ఆ మంగళవారం బాయిలరు చెడిపోయింది.
పదకొండు గంటలకు సూపర్‌వైజరు ఇంటికి పొమ్మన్యాడు.
ఇంటికే బయల్దేరినా, ఒట్టు.
దర్గా కాడ బస్సు దిగినాక
కాళ్లు ఇటు తిరిగినాయి.

కౌంటరు బొక్కలో చెయ్యి పెట్టి టికెట్టు అడిగితే
లోపలాయన వంగి నా మొహం చూసినాడు.
"ఒకటేనా?"
నా వెనక ఎవురన్నా ఉండారేమో అని
నేనే తిరిగి చూసుకున్నా.

పక్క కుర్చీలో క్యారియర్ పెట్టినా,
దానికీ కనపడేటట్టు.
ఈల లేదు గదా,
హీరో వచ్చింది కూడా తెలీలా,
ఎవురో మనిషి నడిచొస్తా ఉండాడనుకున్నా.
నవ్వు రావాల్సిన చోటుకు ఆలస్యంగా వచ్చింది,
వచ్చి, తోడు లేక, గమ్మున పొయింది.

ఇంటర్వెల్ అయినాక ఒక సీను.
హీరో వాళ్లక్క, పేరు కూడా లేదు ఆమెకు,
బస్టాండులో బ్యాగు పట్టుకోని నిలబడింది.
ఒక కాలు బస్సు మెట్టు మీద.
"ఎక్కతావా, దిగతావా?" అన్యాడు కండక్టరు.
ఆమె కాలు తీసేసింది.
బస్సు పొయింది. అంతే.
తరవాత ఫైటు.

నేను ఫైటంతా ఏడస్తానే ఉండినా.
గట్టిగా ముక్కు చీదినా.
"ఏమైంది మే" అని ఎవురూ అడగలా.
ఆ అడగకపోవడం
ఎండలో కుండనీళ్ల మాదిరి ఉండింది.

రోజూ పొయ్యే టైముకే ఇంటికి పోయినా.
"ఈ పొద్దు పని ఎక్కువా?" అన్యాడు మా ఆయన.
"ఎక్కువే" అన్నా, కాళ్లు కడుక్కుంటా.

ఆదివారం షాహిదా అదే సినిమా ఎంచింది.
నేనేం మాట్లాడలా.
తెలిసిన జోకులకు కొత్తగా నవ్వినా,
తెలిసిన విలన్ని చూసి ఉలిక్కిపడినా,
ఇంత నటన తెర మీద కూడా లేదు.

బస్టాండు వచ్చింది. బ్యాగు వచ్చింది.
నా మొహం ఎవురికీ కనపడగూడదని
కుప్పమ్మ వైపు తిప్పుకున్నా,
నిద్రపొయ్యే మనిషే గదా అని.

కొంగు చాటున వేలెడంత సందు.
ఆ సందులో ఒక కన్ను.
దాంట్లో తడి, తడిలో బస్సు.

ఎన్నేండ్లు. ఎన్ని సినిమాలు.
మా ఐదుగురి నడుమ కూర్చోని
ఆమె ఎప్పుడూ ఒక్కతే వచ్చిందని
నాకేం తెలుసు?

రెడ్డెమ్మ నా చేతిలో చెనిక్కాయలు పోసింది.
ఒలస్తా కూర్చున్నా.

ఆటోలో అడిగింది మామూలుగానే,
"కథేంది మే, చెప్పండి."
సుగుణ ఫైటు చెప్పింది. షాహిదా డాన్సు చెప్పింది.
ధనమ్మ తను చూడని పాట చెప్పింది.
కట్టమంచి దాటినాక నేను చెప్పినా,
"నడుమ ఒకామె బస్సెక్కబోయి ఎక్కలేదు, కుప్పక్కా."
"ఎందుకు?"
"సినిమాలో చెప్పలా."

కుప్పమ్మ రోడ్డు వైపు చూస్తా కూర్చునింది
శానాసేపు.
దిగే ముందర అనింది,
"బ్యాగులో ఏం పెట్టుకోని ఉంటాది మే, ఆయమ్మ?"