రెండక్షరాలు

చిక్కడపల్లిలో, మెట్లు దిగితే గాని కనబడని ప్రెస్సు.
పందొమ్మిదేళ్లుగా అక్కడ కూర్చుని
ఇతరుల వాక్యాలకు ఒత్తులు తగిలిస్తున్నాను,
జారిపోయిన సున్నాలు ఏరి పెడుతున్నాను.
పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పదో తరగతి గైడ్లు.
ఎప్పుడో గాని ఒక నవల.

ఇది మలక్‌పేట నుంచి వచ్చింది,
బియ్యం సంచిలో, చీమలబారు లాంటి చేతిరాతలో.
రాసినావిడ పేరు తాయారు. ఫోన్ నంబరు లేదు.

కథ కొత్తదేం కాదు.
మహబూబ్ చౌక్ గడియార స్తంభం నీడలో
చేతిగడియారాలు బాగుచేసే సాంబయ్య,
పక్క సందులో పాత పుస్తకాలకు అట్టలు కుట్టే చంద్రకళ.
ఆమె నవ్వితే
అతని కొట్టులో గడియారాలన్నీ పదమూడు కొడతాయి.
ఆ పదమూడో గంట ఎవరి లెక్కలోకీ రాదు.
అందులోనే వాళ్లిద్దరూ పురానాపూల్ మీద నడుస్తారు,
కింద మూసీ తేటగా పారుతుంటుంది,
ఒక జామపండు సగం సగం కొరుక్కుంటారు.

నాకిలాంటివి నచ్చవు.
నేను అక్షరాలు చూస్తాను, కథ చూడను.
అది నా పని. కొంచెం గర్వం కూడా.

నలభయ్యో పేజీ దగ్గర
మొగులయ్య కంప్యూటర్ మీంచి తలెత్తి
"మేడమ్, గీ గోడ గడియారం నడుస్తలేదు గదా?"
నడవదు. ఓనరు వాళ్ల నాన్న పోయిన రోజు ఆగింది.
"మరి గిప్పుడు కొట్టింది ఏంది?"
నేను లెక్కపెట్టాను.
ఎంతో చెప్పలేదు.

ఆ రోజు నుంచి ప్రూఫులు ఇంటికి తెచ్చుకున్నాను.
విద్యానగర్ రైల్లో నిలబడి చదివాను.
బెండకాయ వేపుడు మాడింది.
ఒక పేజీ జామపండు వాసన వేసింది,
సంచిదేలే అనుకున్నాను.

చివరి పేజీలో సాంబయ్య పర్భణీ బండెక్కుతాడు,
ఎందుకో ఆవిడ రాయలేదు.
చంద్రకళ మూసిన కొట్టు తాళాన్ని
వేడి చూసినట్టు చేత్తో తాకి చూస్తుంది.
ఆ తర్వాత మూడే మాటలు:
"అతను ఇక రాడు."

తప్పేం లేదు. దీర్ఘం సరే, చుక్క సరే.
ఎర్రపెన్నుకి మూత పెట్టాను.
తీశాను.
'రా'కీ 'డు'కీ మధ్య గోరు పట్టేంత చోటుంది.
అక్కడ చిన్న గొడుగు గుర్తు వేసి
పైన 'గల' అని రాశాను.
దొంగతనమే. చెయ్యి చెమట పట్టింది.
మొగులయ్య కాగితం చూశాడు, నన్ను చూశాడు,
ఏమీ అడక్కుండా టైపు కొట్టేశాడు.

మూడు వందల కాపీలు.
తాయారుగారు ఆటోలో వచ్చారు.
డెబ్భై దాటి ఉంటాయి, ఎడం చెప్పుకి పిన్నీసు.
తిట్లకు సిద్ధమై లేచి నిలబడ్డాను.
ఆవిడ పుస్తకం తెరవనే లేదు.
"ఒక్క కట్ట ఇయ్యమ్మా, మిగతావి మళ్లీ వచ్చి పట్టుకెళ్తాను.
ఇంట్లో మనిషి ఒక్కడే ఉన్నాడు.
పొద్దున్నే దిగాడు, పర్భణీ నుంచి.
వచ్చీ రాగానే గోడ గడియారం విప్పి
నట్లన్నీ నట్టింట పోసుకు కూర్చున్నాడు,
తినమంటే తినడు"
అన్నారు విసుగ్గా,
పెళ్లై యాభై ఏళ్లయినట్టు.

రాత్రి ట్రంకుపెట్టె అడుగు నుంచి
ఒక ఉత్తరం తీశాను.
కాచిగూడ ప్లాట్‌ఫారం మీద ఒకరు
నా కోసం సాయంత్రం దాకా నిలబడ్డ ఏడాదిది.
పంపింది వేరే, ఇది చిత్తుప్రతి.
అలవాటు, చిత్తుప్రతులు పారెయ్యను.
"నేను రాను."
రెండే మాటలు. తప్పేం లేదు.
'రా'కీ 'ను'కీ మధ్య వెతికాను.
నా చేతిరాత మొదట్నించీ ఇరుకే.

కళ్లద్దాలు తుడుచుకుని
మళ్లీ చూస్తున్నాను.