ఆరున్నొకటి

లానెల్లి స్పోర్ట్స్ హాల్లో
బ్యాడ్మింటన్ గీతల మీదే బల్లలు వేశారు.
వేలికి రబ్బరు తొడుగు, నూరేసి ఓట్లకో కట్ట.
మొదటి కట్టని "లాభం" అన్నాను పెదవుల్లోనే,
మానికతో వడ్లు కొలిచేవాళ్ళలా.
ఎదురుగా డిలిస్ "ఈన్, దై" అంటూ తన దారిన తను.

ఇక్కడి లెక్క వింత.
గెలిచిన పార్టీని గెలిచినందుకే భాగిస్తారు.
ఒక సీటొస్తే దాని ఓట్లని రెండుతో,
రెండొస్తే మూడుతో.
ఎవరికి వడ్డిస్తే వాళ్ళ విస్తరే చిన్నదవుతుంది.

నాలుగు సీట్లు మధ్యాహ్నానికే తేలిపోయాయి,
ఐదోది టీ చల్లారేలోగా.
ఆరోదానికి
ఒక్క క్యాలిక్యులేటర్ చుట్టూ పది తలలు.

మెలెరి ప్రాసర్, జాబితాలో మూడో పేరు,
బడి బస్సు నడుపుతుంది.
ఆమె దాకా రావాలంటే మూడుతో భాగించాలి.
భాగించారు.
పదకొండు తక్కువ.
మళ్ళీ చూడమంది.
మళ్ళీ పదకొండే.

ఫలితం ముందు వెల్ష్‌లో చదివారు,
తర్వాత ఇంగ్లీషులో.
రెండింట్లోనూ ఆరుగురే.

మెలెరి చప్పట్లు కొట్టింది,
అందరూ ఆపాక కూడా కాసేపు.
కోటుకున్న రిబ్బన్ విప్పి జేబులో కుక్కుకుంటూ
"నీ భాషలో నేనెన్నోదాన్ని?" అని అడిగింది.

ఆ అంకె మాకు నోట రాదు,
అంటే ఏడవమన్నట్టే.
"ఆరున్నొకటి" అన్నాను.

బాగుందంది.
సోమవారం బడి ఉంది కదా,
బస్సుకి డీజిల్ కొట్టించాలంటూ
తాళాలు వెతుక్కుంది.