కరెంటు లేని గంట

ఎర్రగుంట్ల దాటినాక రోడ్డుకు ఎడమపక్క
మా బండల పాలిష్ ఫ్యాక్టరీ.
పగలు రెండింటికి కరెంటు పోతుంది.
కోత మిషను రంకె ఒక్కసారిగా ఆగి
చెవుల్లో రోంత సేపు దాని నీడ తిరుగుతుంది.
అప్పుడు తీస్తాను పుస్తకం.

ఇరవై ఏండ్లుగా
నేను ఎంచుకున్న పుస్తకం ఒక్కటీ లేదు.
ప్రొద్దుటూరులో దస్తగిరి పాత కాగితాల కొట్టు,
కిలో లెక్క.
మొగ్గు కోసమని చివర్న వేసేవాడు ఒకటి,
అట్ట లేనిది, మొదటి పదహారు పేజీలు పోయినది.
పదిహేడో పేజీలో ఒకడు
అప్పటికే ఊరు విడిచి నడుస్తుంటాడు.
దావలో కలిసిన మనిషిని
నీ పుట్టుక చెప్పమని అడుగుతామా?
వాని వెంట నేనూ పోయేవాణ్ణి.

బండ పొడి దూరని చోటు లేదు ఈడ.
సద్దిగిన్నెలో, కనురెప్పల్లో,
పుస్తకం కుట్టుపోగుల్లో.
పేజీ తిప్పితే కరకరమంటుంది.
నేను చదివిన కథలన్నిట్లో
పసిపిల్లలకు కూడా
తల నెరిసే ఉంటుంది.

మొన్న ఓనరు కూతురు
"కొత్తది కొన్నానులే" అని తన పాతది ఇచ్చింది.
నల్లగా, చదునుగా, అరచేతి కంటే రోంత పెద్దగా.
మూడు వందల నలభై పుస్తకాలున్నాయంట.
దస్తగిరి త్రాసులో పెడితే
పావుకిలో రాయికి సరితూగలేదు.
ఇంకొకటి లోపలికి దించి మళ్ళీ తూచినాము.
అంతే బరువు.
ఇంతమంది మనుషులు, వాళ్ళ పెండ్లిండ్లు, చావులు
ముల్లును కూడా కదిలించలేదు.
"దీన్ని కిలో లెక్కన ఎట్ల అమ్మేదిరా"
అని దస్తగిరి దిగులుపడినాడు.

ఆ పొద్దు కరెంటు పోయింది.
వేలు జరిపినాను. ఒక పేరు. బాగుంది.
ఇంతకంటే బాగున్నది ముందర ఉందేమో.
జరిపినాను.
నా పదిహేడో పేజీ మనిషి దీంట్లో ఉంటాడేమో అని వెతకబోతే
పేరు కొట్టమంది.
పేరుండే అట్టే కదా పోయింది!
జరిపినాను, జరిపినాను.
మూడు వందల నలభై గడపలు ఎక్కి దిగి
ఒక్క ఇంట్లోనూ మంచినీళ్ళు తాగలేదు.
మిషను రంకె వేసింది.
ఆ పూట నేను చదివింది ఒక్క వాక్యం కూడా లేదు.

ఇంటికొచ్చి పాతదొకటి తెరిచినాను.
నలభై మూడో పేజీ అంచున పెన్సిలుతో
ఎవరిదో పాల లెక్క.
దాని కింద అదే చేతిరాత:
"ఈ పిల్ల సావకుంటే బాగుండు."
నాకంటే ముందు ఒకరు ఇక్కడ ఆగినారు.
ఆ నల్లదానిలో ఎవరూ ఆగిన గుర్తు లేదు,
ఊడ్చిన కల్లం మాదిరి ఉంది.

వాపసు ఇద్దామనే తీసుకుపోయినాను.

పాలిష్ పట్టే పుల్లమ్మ పక్కన కూచుని
బొటనవేలితో దాన్ని రుద్ది చూసింది,
గీతలున్నాయేమోనని, అలవాటుగా.
"అంచులు బాగా తీసినారే. ఏ గనిది?"
రాత్రిబడి చదువు ఆమెది. పొర కమ్మిన కండ్లు.
పేపరు చూపిస్తే
"చీమలు నాయనా, కదుల్తాండాయి" అంటుంది.

ఊరికే నొక్కి అక్షరాలు పెంచినాను.
చీమలు జొన్నగింజలైనాయి, జొన్నలు శనక్కాయలైనాయి,
ఇంకా నొక్కితే
తెర మీద ఐదు మాటలే పట్టినాయి.
పుల్లమ్మ పెదవులు కదిలినాయి.
"వా... న. రా... ని. ఏ... డా... ది."
తలెత్తి నన్ను చూసింది.
"ఇది మన కతే కదప్పా, ఎవురు సెప్పినారు వీళ్ళకు?"
కోపంగానే మళ్ళీ కిందికి చూసింది.

ఏ పుస్తకమని ఆమె అడగలేదు.
పేరు నేనూ చూడలేదు.

ఇప్పుడు రోజూ రెండింటికి
ఆమె ఐదైదు మాటలు నడుస్తుంది.
ఛార్జింగు ఇరవై రోజులొస్తుందన్నారు,
ఆ కథ ఆమెకు ఎన్నేండ్లొస్తుందో.
నేను పక్కనే
నా పొడి పుస్తకం దులుపుకుంటాను.

ఈ పొద్దు కరెంటు తొందరగా వచ్చేసింది.
పుల్లమ్మ పోతా పోతా
దాన్ని కొంగుతో తుడిచి
బండల వరసలో, పొడి పడకుండా, బోర్లించి పెట్టింది.
సాయంత్రం కర్నూలు లారీ ఉంది.
లోడెత్తేవాళ్ళకు చెప్పాల,
రోంత చూసుకుని ఎత్తమని.